ఒక్కసారి దూకే రాజు

నాలుగు పాయింట్లు ఎలా వచ్చాయో ముందే చెప్పేస్తాను. తరవాత నన్ను పెద్ద ఆటగత్తె అనుకుంటే బాధ్యత నాది కాదు.

మొదటి రౌండులో ఆటగాళ్ళ లెక్క బేసి అయింది. జాబితాలో అట్టడుగు పేరు నాదే కాబట్టి నన్ను ఊరికే కూర్చోబెట్టి ఒక పాయింటు ఇచ్చారు. రెండో రౌండులో నాతో ఆడవలసినాయన రాలేదు. మూడో రౌండులో రాంనగర్ కుర్రాడొకడు పదిహేడు ఎత్తుల్లో నా పని ముగించి, నా ముందే బిస్కెట్ల పొట్లం విప్పుకున్నాడు. నాలుగో రౌండులో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి జేబులో ఫోను మోగింది. ఫోను మోగితే ఆట పోయినట్టే. చేసింది ఆయన భార్య, కొత్తిమీర తెమ్మని. ఐదో రౌండులో మాత్రం నిజంగా గెలిచాను. ఎదుటివాడికి తొమ్మిదేళ్ళు. ఏడ్చాడు కూడా.

అలా ఆదివారం మధ్యాహ్నం ఆఖరి రౌండు జాబితా గోడకు అంటించేసరికి నా పేరు రెండో బల్ల దగ్గర ఉంది. తెల్లపావులు: భాను, రేటింగు రెండు వేల నలభై. నల్లపావులు: స్నేహలత, రేటింగు సున్నా. సున్నా పక్కన ఇంకేదైనా అంకె ఉందేమోనని కళ్ళజోడు తుడుచుకుని చూశాను. లేదు.

ఈ పోటీకి నన్ను తోలింది మా అత్తగారు కమలవ్వ. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు. చిక్కడపల్లిలో మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ పడుకుంటారు, మేమిద్దరం చదరంగం ఆడతాం. ఇరవై రెండేళ్ళుగా ఆడుతున్నాం. నేను పదకొండుసార్లు గెలిచాను. లైబ్రరీ గోడమీద పోస్టరు చూసొచ్చి చెబితే, "పేరిచ్చి రాపో. గెలిస్తే గెలుస్తవు, ఓడితే ఓడుతవు. చాయ్ టైంకి ఇంట్ల ఉంటె చాలు" అన్నారు.

చిక్కేమిటంటే, అత్తగారి చదరంగం వేరు. ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆట అది. బంటు ఎప్పుడూ ఒక్క అడుగే వేస్తుంది. కోట కట్టడాలు అవీ లేవు. దానికి బదులు రాజు ఆటలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గుర్రంలా దూకవచ్చు. అయితే అప్పటిదాకా రాజుకు చెక్ పడి ఉండకూడదు. పోటీకి పేరిచ్చాక నేను అసలు నియమాల పుస్తకం తెచ్చుకుని, కుక్కరు విజిల్స్ లెక్కపెడుతూ రెండుసార్లు చదివాను. అత్తగారి ఆట మరిచిపోయాననే అనుకున్నాను.

పోటీ జరుగుతున్నది నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాలు పైఅంతస్తులో. కింద ఎవరిదో ఎంగేజ్‌మెంటు. మెట్లనిండా బంతిపూల రేకులు, గుత్తివంకాయ వాసన, నిమిషానికోసారి బ్యాండు. ఆఖరి రౌండుకి ఇంకా పావుగంట ఉంది. మెట్లమలుపులో గాలి కోసం నిలబడ్డాను. అక్కడ గోడకానుకుని ఒకామె కూర్చుని ఉంది. యాభై అయిదు దాటి ఉంటాయి. మోచేతుల దాకా సిమెంటు కొరికిన మచ్చలు. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు.

"అమ్మా, లోపటికి పోనిస్తరా?" అంది నన్ను చూసి.

"ఆడేటోళ్ళనే పంపిస్తరు. మీవాళ్ళెవరన్న ఆడుతున్నరా?"

"నా కొడుకు. భాను."

నేను రెయిలింగు పట్టుకున్నాను.

ఆమె పేరు మాసమ్మ. అడగకుండానే అన్నీ చెప్పింది, భయం వేసినవాళ్ళు చెప్పినట్టు. పాలమూరు దిక్కు నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చారు. ఆమె, ఆమె భర్త బుగ్గయ్య కట్టే ఇళ్ళ దగ్గరే ఉంటూ, అవి పూర్తయ్యాక ఇంకోచోటికి పోతూ బతికారు. బుగ్గయ్య పోయి ఆరేళ్ళయింది. కొడుకు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువుకు చదువుతున్నాడు. అదీ ఆరేళ్ళే.

"రెండుసార్లు ఒక్క మార్కుతోని పోయింది. ఈ ఏడు దాటితె వయసు గూడ దాటుతదంట. ఈ ఆటల మొదటి నలుగుర్ల పేరొస్తె రాష్ట్రం టీముల ఏసుకుంటరంట, కాయితం ఇస్తరంట. ఆ కాయితం ఉంటె కొలువుకు కోటా ఉన్నదంట. ఇయ్యాల గెలిస్తెనే నాలుగోవాడు. సగం సగం అయినా పోయినట్టేనంట."

"గెలుస్తడు లెండి" అన్నాను.

"ఎవరో ఇంట్ల వంట చేసుకునే ఆమెతోని ఆటనంట. భయమేం లేదమ్మా అంటడు. భయం లేనోడు పొద్దున రెండు ముద్దలన్న తినాలె గద? ఆమెకు నాలుగు పాయింట్లు ఎట్లొచ్చినయో ఎవలికి తెల్వదంట. యాడ నేర్చుకున్నదో తెల్వదంట. నీకెరుకనా అమ్మా, ఆమె ఎట్ల ఆడుతది?"

ఇక్కడ నేను చెప్పవలసిన మాట ఒకటుంది. చెప్పలేదు. మొదట కొంచెం చిలిపితనం, ఆ తరవాత నిండా పిరికితనం.

"పెద్దగ రాదంట. నేను ఇన్న" అన్నాను.

మాసమ్మ మొహం కొంచెం తేటపడింది. కవరులోంచి కొబ్బరి ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "గుడికి పోయొచ్చిన. తిను బిడ్డా. నువ్వు గూడ జర మొక్కుకో నా కొడుకు గెలవాలెనని."

కళ్ళు మూసుకుని మొక్కుకున్నాను. నా ఓటమికి నేనే ప్రసాదం తిని, మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళాను.

భాను అప్పటికే కూర్చుని ఉన్నాడు. సన్నగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, కాలరు దగ్గర దారం లేచింది. లేచి నిలబడి చెయ్యిచ్చాడు. అరచెయ్యి మంచుముక్కలా ఉంది. నాది ఎలా ఉందో అతనికి తెలిసే ఉంటుంది.

ఆర్బిటరు కృష్ణయ్యగారు ప్రతి బల్ల దగ్గరా గడియారాలు సరిచూస్తూ వచ్చారు. మనిషికో గంట, అది దాటితే ఆట పోయినట్టే. "ఫోన్లు బంద్. మాటలు బంద్. ముట్టిన పావు జరపాలె. షురూ చేయుండ్రి" అన్నారు.

గుర్రాలనూ ఒంటెలనూ ఎక్కడ పెట్టానో అన్నీ చెప్పను, అందరికీ ఆసక్తి ఉండదు. ఒక్కటి చెబుతాను. నా చెయ్యి నా మాట వినలేదు. పుస్తకంలో బంటు మొదట రెండడుగులు వేయవచ్చని చదివాను, ముందు రోజు ఆటల్లో వేశాను కూడా. ఈ ఆటలో మాత్రం భయంతో చెయ్యి అత్తగారింటికి వెళ్ళిపోయింది. ఒక్కో బంటూ ఒక్కో అడుగు. అటొకటి, ఇటొకటి. ఎనిమిది ఎత్తులయ్యేసరికి నా వైపు పావులన్నీ పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళలా గోడకానుకుని కూర్చున్నాయి.

నన్ను కొట్టిపారేయడానికి అతనికి ఇరవై నిమిషాలు చాలు. కొట్టలేదు. చూస్తూ కూర్చున్నాడు. ఆ ఎత్తులకి ఏ పుస్తకంలోనూ పేరు లేదు. పేరు లేని దాంట్లో ఏదో దాగి ఉందని అతని అనుమానం. నా బంటు ఒకటి ఒక గడి జరిగితే అయిదు నిమిషాలు ఆలోచించాడు. నా ఒంటె ఒకటి భయపడి వెనక్కి వస్తే తొమ్మిది నిమిషాలు. ఒకసారి తలెత్తి నా మొహంలోకి చూశాడు, నేను ఎవరినో అక్కడ రాసి ఉందేమోనన్నట్టు. నాకు అరిచి చెప్పాలనిపించింది: అయ్యా, అందులో ఏమీ లేదు, ఊరికే ఇచ్చిన పాయింటు, కొత్తిమీర, తొమ్మిదేళ్ళ పిల్లాడు, అంతే.

పావులు సన్నగా వణుకుతున్నాయి. కింద బ్యాండు వల్ల అనుకున్నాను. బ్యాండు ఆగింది. వణుకు ఆగలేదు. బల్లకింద అతని మోకాలు.

అతని గంట కరిగిపోయింది. అయినా రెండు వేల నలభై ఊరికే రాదు కదా. ముప్పయ్యో ఎత్తు దగ్గర అతని మంత్రి, గుర్రం, ఏనుగు మూడూ నా రాజు మీదికి వచ్చి కూర్చున్నాయి. నా రాజు పుట్టిన గడిలోనే ఉన్నాడు, కదలకుండా, చుట్టూ తనవాళ్ళతో. ఇంకొక్క ఎత్తుతో గొంతు మీద కత్తి. అతని గడియారం ఒక నిమిషం ఎనిమిది సెకన్లు. నాది ముప్పై ఆరు నిమిషాలు.

సంతోషపడాలి నేను. మొక్కుకున్నది ఇదే కదా. కానీ చావు కళ్ళముందుకు వచ్చినప్పుడు, చెక్కతో చేసిన రాజుదే అయినా సరే, ప్రాణం ఒప్పుకోదు. ఎక్కడికి పారిపోవాలి, ఎక్కడికి? ఆ క్షణంలో దారి కనబడింది, మధ్యాహ్నం ఎండలో అత్తగారి మంచం మీద కనబడినంత స్పష్టంగా. రాజును ఎత్తి, రెండు గళ్ళు పక్కకి, ఒక గడి ముందుకి పెట్టి, గడియారం నొక్కాను.

భాను చూశాడు. పెదవి కొరుక్కున్నాడు. సరే అన్నట్టు తల కొంచెం ఊపాడు. ఇరవై ఏడు సెకన్లు ఆలోచించి, మంత్రిని వెనక్కి తీసుకుని గడియారం నొక్కాడు. అతనికి నలభై ఒక్క సెకన్లు మిగిలాయి.

గండం గడిచింది. ఊపిరి పీల్చుకుని, ఎత్తు కాగితం మీద రాసుకుందామని పెన్ను తీశాను. ఆటంతా ఎత్తు ఎత్తూ రాయాలని నియమం. రాజు ఏ గడికి వెళ్ళాడో రాశాను. అప్పుడు పెన్ను ఆగింది. పై వరసల్లో ఎక్కడా రాజు పేరు లేదు. అంటే ఇందాకటిదాకా పుట్టిన గడిలోనే ఉన్నాడు. అక్కడి నుంచి ఇక్కడికి ఒక్క ఎత్తులో ఎలా వచ్చాడు?

తల ఎత్తకుండా కళ్ళు మాత్రం తిప్పాను. కృష్ణయ్యగారు ఆ చివర బల్ల దగ్గర ఎవరి తగువో తీరుస్తున్నారు. పక్క బల్ల వాళ్ళు వాళ్ళ బల్లలో మునిగి ఉన్నారు. భాను నా బంట్లను చూస్తున్నాడు. ఎవరికీ తెలియలేదు. ఎదురుగా ఉన్నవాడికి కూడా తెలియలేదు.

నా గడియారం నడుస్తోంది. దానికేం, ముప్పై అయిదు నిమిషాలున్నాయి. అతనివి నలభై ఒక్క సెకన్లు. నేను అటూ ఇటూ నాలుగు బంట్లు జరిపితే చాలు, అవి అయిపోతాయి. రెండు వేల నలభైని ఓడించిన మనిషినని అత్తగారికి చెప్పుకోవచ్చు. మా ఆయన జగదీశ్వర్ ఆఫీసులో చెప్పుకుంటాడు. ఇంతా చేసి నేనేమీ దొంగతనం చేయలేదు, పొరపాటు చేశాను. చూసుకోవలసింది అతను. ఇలా ఒక్కో మాటా పేర్చుకుంటూ పోయాను. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ నోట్లో ఇంకా కొబ్బరి రుచి ఉంది.

చెప్పాలన్నా భయమే. హాలులో అరవైమంది ఉన్నారు. ఈ వయసులో రాజుకి గుర్రానికీ తేడా తెలియని మనిషినని అరవైమందికీ తెలుస్తుంది. చెప్పకపోతే, ఆ మెట్లమీదుగానే నేను ఇంటికి వెళ్ళాలి. వేరే దారి ఉందేమోనని నిజంగానే ఆలోచించాను. వంటవాళ్ళు ఎక్కే వెనక మెట్లు ఉన్నాయి. ఆ మెట్ల సంగతి నాకు గుర్తుకొచ్చిందన్న మాటే నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

పదకొండు నిమిషాలు అలా కూర్చున్నానట. తరవాత గడియారం ఆపి చెయ్యెత్తాను.

కృష్ణయ్యగారు వచ్చారు. "ఏందమ్మా? డ్రా అడుగుతున్నరా?"

"కాదండీ. తప్పు ఎత్తు వేసిన."

"తప్పు ఎత్తంటే? ఓడిపోయే ఎత్తా? దానికి నన్ను పిలిస్తే ఎట్లమ్మా?"

"రాజును గుర్రం లెక్క దుంకించిన."

పక్క బల్ల మీద ఎవరో నవ్వు మింగారు. కృష్ణయ్యగారు నా కాగితం చూశారు, పావులు చూశారు. తరవాత భాను వైపు తిరిగారు. "ఈమె సంగతి సరే. నువ్వేం జూస్తున్నవయ్యా? రెండు వేల నలభై రేటింగు పెట్టుకొని!"

భాను ఇంకా బల్ల వైపే చూస్తున్నాడు. "ఒక్కసారి దుంకొచ్చు గద సార్" అన్నాడు, నిద్దట్లో మాట్లాడినట్టు. "చెక్ పడకపోతే..."

అని, తన మాట తనకే వినిపించి, ఆగిపోయాడు.

అతని చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరుచుకుంది. మెల్లగా, భయం భయంగా, నవ్వు వచ్చింది అతనికి. నేను మొదటిసారి అతని పళ్ళు చూశాను. బల్లమీద పావులు నిలకడగా నిలబడ్డాయి. మోకాలు ఆగిందన్నమాట.

"మీ ఇంట్ల గూడ దుంకుతదా అక్కా?" అన్నాడు.

"మా అత్తమ్మ దుంకిస్తది."

"మా నాయిన గట్లనే ఆడిపిచ్చెటోడు. సైటు మీద. స్లాబు మీద సుద్దతోని గీసి, బోల్టులు నట్లు పెట్టి. బంటు గూడ ఒక్కడుగే. అందుకేనా అక్కా మీ బంట్లు... నేను ఇంకేందో అనుకొని సచ్చిన గద!"

"మాటలు బంద్!" అన్నారు కృష్ణయ్యగారు, ఆయనకూ నవ్వొస్తోంది. "పావులు ఎన్కకు పెట్టుండ్రి. తప్పు ఎత్తు కాబట్టి నీకు రెండు నిమిషాలు కలుస్తయి. అమ్మా, మీరు రాజును ముట్టిండ్రు. రాజునే జరపాలె. సక్కగ."

ఇక్కడ ఎవరూ అనుకోనిది జరిగింది. ముట్టిన రాజుకి వెళ్ళడానికి ఒకే ఒక్క గడి ఉంది, పక్కది. జరిపాను. జరిపాక చూస్తే, భాను ఎత్తిన కత్తి గాల్లోకి పోయింది. రాజు లేని చోట పొడవడానికి సిద్ధంగా ఉంది అతని మంత్రి. పైగా అతని ఏనుగు నా మంత్రి నోటి దగ్గర, కాపలా లేకుండా. నిజం చెప్పి మరీ నేను గెలిచేలా ఉన్నాను.

దేవుడా, అనుకున్నాను. నేను మొక్కిన మొక్కేమిటి, నువ్వు చేసేదేమిటి?

భాను గడియారం నడుస్తోంది. రెండు నలభై. రెండు ఇరవై. ఇప్పుడు బల్ల మళ్ళీ వణకడం మొదలైంది. కిందికి చూశాను. నా మోకాలు. అతను మాత్రం గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని, పావులను ఇదివరకు తెలిసినవాళ్ళను చూసినట్టు చూస్తున్నాడు. ఒకటి నలభై. ఒకటి ఇరవై. ఏనుగును కాపాడుకోవాలి కదా? కాపాడుకోలేదు. గుర్రాన్ని ఒక్క దూకు ముందుకు దూకించాడు. అంతే.

అయిపోయింది, చూసుకోలేదు, అనుకున్నాను. ఏనుగు ఉత్తినే పడి ఉంది. వదిలేద్దామా అని ఒక క్షణం చెయ్యి ఆడలేదు. వదిలేస్తే అది ఆట కాదు, దానం. అతను అడిగింది దానం కాదు. ఏనుగును తిన్నాను.

అతను మంత్రిని తెచ్చి సరిగ్గా నా రాజు పక్కన పెట్టాడు. చెక్. మంత్రి! రాజుతో తిందామంటే అతని గుర్రం కాపలా ఉంది. నా ఏనుగుతో తినడం ఒక్కటే దారి. తిన్నాను. అతని పక్క మంత్రి లేడు, ఏనుగు లేదు. నాకు అన్నీ ఉన్నాయి. నా రాజు చుట్టూ నా వాళ్ళే, ఇసుక వేస్తే రాలనంతగా. అప్పుడు అతను గుర్రాన్ని ఎత్తాడు. చెక్. కదలడానికి నా రాజుకి చోటు లేదు. అన్ని గళ్ళలోనూ ఇంటివాళ్ళే కూర్చుని ఉన్నారు. ఉమ్మడి కుటుంబంలో పాతికేళ్ళు ఉన్న నాకు ఆ రాజు బాధ అర్థమైంది.

అతని గడియారంలో పందొమ్మిది సెకన్లు.

చెయ్యిచ్చాను. ఈసారి అతని చెయ్యి వెచ్చగా ఉంది. కాగితాల మీద సంతకాలు చేశాం. నేను బయటికి నడిచాను, ముందు మెట్లవైపు.

మాసమ్మ లేచి నిలబడి ఉంది. కవరు చేతికి చుట్టేసుకుంది, వేళ్ళు తెల్లబడేలా. "ఏమాయె అమ్మా? చెప్పు. ఏదైతె అదాయె, చెప్పు."

"గెలిచిండు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడ పట్టుకుని మెల్లగా మళ్ళీ కూర్చుంది. "నిజమేనా?" అంది. నిజమేనన్నాను. తరవాత, "మరి ఆమె? ఆ వంటామె? ఏడుస్తున్నదా పాపం?" అంది.

"లేదు. చాయ్ టైం అయిందని ఇంటికి పోతున్నది."

వెనకనుంచి భాను మెట్లు రెండేసి దిగుతూ వచ్చాడు. "అమ్మా! నాలుగో పేరు! రాసిండ్రు, నా కండ్లతోని చూసిన!" అని, నన్ను చూసి ఆగాడు. "ఈ అక్కతోనే ఆడిన అమ్మా."

మాసమ్మ నన్ను చూసింది. నా మొహం, చేతులు, మళ్ళీ మొహం.

"మరి కొబ్బరెట్ల తింటివే బిడ్డా?" అంది.

"తియ్యగుండె" అన్నాను. ఆమె కవరులో మిగిలిన సగం చిప్ప తీసి నా చేతిలో పెట్టింది. వద్దంటే వినలేదు.

ఇంటికి చేరేసరికి అత్తగారు చాయ్ గ్లాసు ముందు పెట్టుకుని, బల్లమీద పావులు సర్ది ఉంచారు. ఓడానని చెప్పాను. ఆవిడ ఒకటే అడిగారు.

"రాజును దుంకిచ్చినవా?"

"దుంకిచ్చిన అత్తమ్మా."

"చెక్ పడకముందేనా?"

"ముందే."

"మరెట్ల ఓడినవే?" అన్నారు, నామీద నమ్మకం పూర్తిగా పోయినట్టు, నా వైపు నల్లపావులు తిప్పుతూ.